వాతావరణ పొరల చార్టు గోడ మీద సరైన కొలతతో గీయడం ఎలా?

పాఠ్యపుస్తకంలో వాతావరణ పొరల బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. ఐదు రంగుల పట్టీలు, అన్నీ దాదాపు ఒకే మందం. అడుగున ఇల్లు, చెట్టు. వాటిపైన విమానం, ఆ పైన ఉల్క, అన్నిటికన్నా పైన ఉపగ్రహం. పిల్లలు ఐదు పేర్లూ బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మార్కులూ పడతాయి. కానీ "విమానం ఎంత ఎత్తున పోతుంది? అంతరిక్షం ఇక్కణ్నించి ఎంత దూరం?" అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. వాళ్లననేం లాభం? 17 కిలోమీటర్ల పొరనీ, కొన్ని వందల కిలోమీటర్ల పొరనీ ఒకే మందంలో గీసి చూపిస్తే ఎవరికైనా అర్థమయ్యేది అంతే.

ఈ చార్టు గీయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఖర్చు పెద్దగా ఉండదు. ఐదో తరగతి దాటిన పిల్లలైతే మీతో సమానంగా పని చేయగలరు. బడిలో వరండా గోడకైనా, ఇంట్లో హాలు గోడకైనా పద్ధతి ఒకటే. ఒక్క షరతు: పొరల గీతలు ముందే గీసేయొద్దు. మొదట ఉష్ణోగ్రత గీత గీయాలి. అది ఎక్కడ మలుపు తిరిగితే అక్కడే పొర మారుతుంది. ఈ సంగతి పిల్లలు చేత్తో గీసి కనిపెడితే ఇక జన్మలో మరిచిపోరు.

కావలసినవి, కొలత

తెల్ల చార్టులు రెండు (మామూలుగా షాపులో దొరికే 56 × 71 సెం.మీ. సైజువి), మాస్కింగ్ టేపు, టైలర్ టేపు, పెన్సిలు, స్కేలు, స్కెచ్ పెన్నులు, ఒక పురికొస ఉండ, చిన్న సైజు బొట్టుబిళ్ళలు వంద. బొట్టుబిళ్ళలు ఎందుకో తర్వాత చెప్తాను. అద్దె ఇల్లయితే మామూలు సెల్లోటేపు జోలికి పోకండి, తీసేటప్పుడు పెయింటు ఊడొచ్చి ఓనరుతో మాట పడాల్సొస్తుంది. మాస్కింగ్ టేపుతో ఆ టెన్షన్ ఉండదు.

కొలత ఇది: 1 సెంటీమీటరు = 1 కిలోమీటరు. గోడ మీద మీటరు ఎత్తు అంటే ఆకాశంలో వంద కిలోమీటర్లు. లెక్క ఇంత తేలిగ్గా ఉంటే పిల్లలు క్యాలిక్యులేటర్ అడగరు.

రెండు చార్టుల్నీ నిలువుగా ఒకదాని మీద ఒకటి అతికిస్తే సుమారు 140 సెం.మీ. వస్తుంది. కింది చార్టు అడుగు అంచు సరిగ్గా నేలను తాకాలి. నేలే మన సముద్ర మట్టం. చార్టుని కళ్ల ఎత్తులో అందంగా పెట్టాలనిపిస్తుంది గానీ వద్దు, ఇందులో మజా అంతా నేల నుంచి కొలవడంలోనే ఉంది. కాకపోతే రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో అడుగు తడిసి ఉబ్బిపోతుంది. పుస్తకాలకు అట్టలేసే ప్లాస్టిక్ షీటుని కింది జానెడు మేర చుట్టేయండి.

చార్టు వెడల్పు 56 సెం.మీ.ని మూడు నిలువు గడులుగా విడగొట్టండి. ఎడమ 28 సెం.మీ. ఉష్ణోగ్రత గ్రాఫుకి, మధ్యలో 10 సెం.మీ. బొట్టుబిళ్ళలకి, కుడివైపు మిగిలిన 18 సెం.మీ. బొమ్మలకి. అంచు వెంబడి నేల నుంచి పైదాకా ప్రతి 10 సెం.మీ.కీ గుర్తు పెట్టి పక్కన 10 కి.మీ., 20 కి.మీ. అని రాయించండి.

"భూమి గుండ్రం కదా, మరి నేల చదునుగా పెట్టావేం?" అని అడిగే పిల్లలు ఉంటారు. అడగాలి కూడా. మన కొలతలో భూమి వ్యాసార్థం దాదాపు 64 మీటర్లు. మీ గోడ 3 మీటర్ల వెడల్పు ఉంటే, మధ్యలో కన్నా రెండు చివర్లా నేల 2 సెం.మీ. కూడా కిందికి వంగదు. ఆ 3 మీటర్లంటే అసలు 300 కి.మీ. అని గుర్తు చేయండి.

మొదట తెలిసినవి పెట్టండి

చదువు చెప్పేది తర్వాత. ముందు కుడివైపు గడిలో పిల్లలకు తెలిసిన వాటిని వాటి ఎత్తులో గీయించండి.

హైదరాబాద్ సముద్ర మట్టం నుంచి అర కిలోమీటరు పైచిలుకు ఎత్తులో ఉంది, అంటే నేల నుంచి అర సెంటీమీటరు. తిరుమల కొండ కిలోమీటరు కూడా లేదు, సెంటీమీటరు లోపే. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, అదీ అక్కడే. వీటన్నిటినీ పెన్సిలు ముక్కు సన్నగా చెక్కుకుంటే తప్ప గీయలేరు. ఎవరెస్టు 8,849 మీటర్లు, అంటే 8.8 సెం.మీ. ఇప్పుడు చార్టు పక్కన గోడ అడుగున ఉన్న స్కర్టింగ్ టైల్ చూడండి. చాలా ఇళ్లలో అది నాలుగంగుళాలు, అంటే 10 సెం.మీ. ప్రపంచంలోకెల్లా ఎత్తైన పర్వతం స్కర్టింగ్ టైల్ దాటలేదు! హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే విమానం 10 నుంచి 12 కి.మీ. ఎత్తున పోతుంది కాబట్టి టైల్ మీదుగా అలా రాసుకుంటూ వెళ్తుంది.

ఈ దశలో పిల్లలు నేల మీద బోర్లా పడుకుని గీస్తుంటారు. గీయనివ్వండి. మనం చూసే వాన, మబ్బు, పిడుగు, తుపాను అన్నీ ఆ పడుకున్న ఎత్తులోనే ఉంటాయని తర్వాత చెప్పడం సులువవుతుంది.

ఉష్ణోగ్రత గీత

అసలు పని ఇక్కడ మొదలు. ఎడమ గడిలో అడ్డంగా 5 డిగ్రీలకు ఒక సెంటీమీటరు చొప్పున, ఎడమ అంచున మైనస్ 100, కుడి అంచున 40 వచ్చేలా గుర్తులు పెట్టండి. మైనస్ 100 దగ్గర మొదలుపెడితే 20 సెం.మీ. దగ్గర సున్నా డిగ్రీలు వస్తుంది, అక్కడ ఒక సన్నని నిలువు గీత గీసుకుంటే చూడ్డానికి వీలు.

మన ప్రాంతానికి, అంటే భూమధ్యరేఖకి మరీ దూరం కాని చోటికి వర్తించే ఉజ్జాయింపు అంకెలు ఇవి. నేల దగ్గర 30 డిగ్రీలు. 17 కి.మీ. దగ్గర మైనస్ 80. 25 కి.మీ. దగ్గర మైనస్ 50. 50 కి.మీ. దగ్గర దాదాపు సున్నా. 87 కి.మీ. దగ్గర మైనస్ 90. 100 కి.మీ. దగ్గర మైనస్ 80. 120 కి.మీ. దగ్గర 85 డిగ్రీల దాకా. ఇవి ఋతువుని బట్టీ, రోజుని బట్టీ అటూ ఇటూ మారతాయి, గీత ఆకారం మాత్రం మారదు.

ఒక్కో చుక్క పెట్టి కలుపుతూ పొండి. మొదటి ముక్క గీసేటప్పుడు లెక్క కూడా వేయించండి: కిలోమీటరు పైకి వెళ్లే కొద్దీ సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 17 కిలోమీటర్లకు 110 డిగ్రీలు. 30లోంచి 110 తీసేస్తే మైనస్ 80. సూర్యుడికి దగ్గరవుతుంటే వేడెక్కాలి కదా, చల్లబడుతుందేంటి అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎండ గాలిని పెద్దగా వేడి చేయదు. నేలను వేడి చేస్తుంది, నేల తన మీదున్న గాలిని వేడి చేస్తుంది. పొయ్యి కింద ఉంది, పైకి పోయే గాలి వ్యాపించి చల్లబడుతుంది. మన దగ్గర ఈ అడుగు పొర ధ్రువాల దగ్గరకన్నా ఎత్తు, చల్లబడుతూ పోయే దారి కూడా అంత పొడవు. అందుకే రోహిణీ కార్తెలో మనం ఉడికిపోతున్నా, మన నెత్తిన 17 కి.మీ. పైన ఉన్న చలి ధ్రువాల మీద అదే పొర చివర, అంటే 8 కి.మీ. దగ్గర, ఉండే చలికన్నా మామూలుగా ఎక్కువ.

గీత 17 దగ్గర వెనక్కి తిరిగినప్పుడు ఆగండి. వెంటనే పేరు చెప్పేయకండి. "ఇక్కడేదో జరిగింది. ఏమై ఉంటుంది?" అని అడిగి కాసేపు వదిలేయండి.

సరిగ్గా ఈ ప్రశ్నే ఫ్రాన్స్‌లో లియోన్ టైసరెన్ ద బోర్‌కి ఎదురైంది. పారిస్ దగ్గర ట్రాప్ అనే ఊళ్లో ఆయన థర్మామీటర్లు కట్టిన బెలూన్లు వదులుతుండేవాడు. సుమారు 11 కి.మీ. దగ్గర ఉష్ణోగ్రత తగ్గడం ఆగిపోయేది. ఎండ తగిలి థర్మామీటరే తప్పు చూపిస్తోందేమోనని రాత్రిపూట వదిలి చూశాడు. అయినా అంతే. రెండొందలకు పైగా బెలూన్లు ఎగరేశాక, 1902లో, పైన వేరే పొర ఉందని ప్రకటించాడు. అదే ఏడాది జర్మనీలో రిచర్డ్ అస్మాన్ కూడా అదే తేల్చాడు. పొరల మధ్య కంటికి కనబడే గోడేదీ లేదు, థర్మామీటరు చెబితేనే తెలిసింది. మీ పిల్లలు ఇప్పుడు చేస్తున్నదీ అదే పని.

120 కి.మీ. చుక్క మీ గ్రాఫులో పట్టదు. 110 దాటాక గీత కుడి అంచు దాటేసి బయటికి పోతుంది. పోనివ్వండి, దాని సంగతి పైపొర దగ్గర చూద్దాం.

మలుపుల దగ్గర సరిహద్దులు గీయండి

ఇప్పుడు గీత దిశ మార్చుకున్న చోట్ల, అంటే 17, 50, 87 దగ్గర చార్టు మొత్తానికీ అడ్డగీతలు గీయించండి. పొరలు వాటంతటవే ఏర్పడ్డాయి. ఇక పేర్లు రాయొచ్చు.

నేల నుంచి 17 సెం.మీ. వరకు ట్రోపో ఆవరణం. మన దగ్గర 16 నుంచి 18, ధ్రువాల దగ్గర 8 కి.మీ. వరకే. అందుకే అడ్డగీతకి బదులు సన్నని పట్టీలా షేడ్ వేస్తే ఇంకా నయం. కింద వేడి, పైన చలి ఉండడంతో ఈ పొరలో గాలి నిరంతరం కిందా మీదా అవుతూనే ఉంటుంది. నీటి ఆవిరి దాదాపు అంతా ఇక్కడే. అందుకే వాతావరణ కేంద్రం చెప్పే కబుర్లన్నీ ఈ జానెడు ఎత్తుకి సంబంధించినవే.

ఇక్కడ ఒక చిన్న గొడవ ఉంది. "జెట్ విమానాలు స్ట్రాటో ఆవరణంలో ఎగురుతాయి" అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. యూరప్ మీద, ఇంకా ఉత్తరాన అది చాలావరకు నిజమే, అక్కడ ట్రోపో ఆవరణం తక్కువ ఎత్తులోనే అయిపోతుంది కాబట్టి. మీ చార్టులో చూడండి: విమానం 11 దగ్గరుంది, గీత 17 దగ్గరుంది. మన మీదుగా పోయే విమానాలు మామూలుగా ట్రోపో ఆవరణంలోనే పోతున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో టీవీల్లో వినే క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుములు మెరుపుల మబ్బులు, మన దగ్గర 15 కి.మీ. దాటి కూడా పెరుగుతాయి. విమానం వాటి మీంచి పోలేదు, పక్కనుంచి చుట్టూ తిరిగి పోవాలి. ఆ మేఘాన్నొకటి 1 సెం.మీ. నుంచి 16 సెం.మీ. దాకా గీయించండి, పక్కనే విమానాన్ని చూస్తే పైలట్ కష్టం అర్థమవుతుంది.

17 నుంచి 50 వరకు స్ట్రాటో ఆవరణం. 50 సెం.మీ. అంటే పెద్దవాళ్లకు మోకాలి ఎత్తు. ఇక్కడ గీత కుడికి వాలడానికి కారణం ఓజోన్. సూర్యుడి అతినీలలోహిత కిరణాల్ని పట్టుకుని అది వేడిగా మారుస్తుంది. 20 నుంచి 30 సెం.మీ. మధ్య నీలం షేడ్ వేసి "ఓజోన్ ఎక్కువగా ఉండే చోటు" అని రాయండి. ఎక్కువ అన్నాం కదా అని దుప్పటిలా మందంగా ఊహించుకోవద్దు. పైనున్న ఓజోన్ మొత్తాన్నీ నేల మీదికి తెచ్చి ఇక్కడి ఒత్తిడిలో పరిస్తే మందం 3 మిల్లీమీటర్లు. మన కొలతలో కాదు, నిజంగానే 3 మిల్లీమీటర్లు. అంటార్కిటికా మీద అది కూడా పలచబడిపోతోందని 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు, ఓజోన్‌ని కాపాడుకోవడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

ఈ పొరలో చల్లటి గాలి కింద, వెచ్చటి గాలి పైన. బరువైనది అడుగునే ఉంది కాబట్టి కదలికే తక్కువ. క్యుములోనింబస్ మేఘం పైకి వచ్చి ఇక్కడ తల కొట్టుకుని పక్కలకు పరుచుకుంటుంది. అలాగే ఇక్కడికి చేరిన ధూళిని కడిగేయడానికి వాన ఉండదు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు గంధకం ఈ పొరలోకి చేరి, భూమి సగటు ఉష్ణోగ్రతను సుమారు అర డిగ్రీ తగ్గించేసింది.

మనవాళ్లకు ఈ పొరతో పాత పరిచయమే. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. అక్కణ్నించి వదిలే పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు 40 కి.మీ. దాకా వెళ్తాయి. 2005 ఏప్రిల్‌లో ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కి.మీ. మధ్య గాలి నమూనాలు పట్టుకొస్తే, వాటిలో అంతకుముందు ఎవరికీ తెలియని బ్యాక్టీరియా రకాలు మూడు దొరికాయి. ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఆర్యభట పేరు పెట్టారు. చార్టులో 40 దగ్గర ఒక బెలూన్ గీయండి. దాని కాస్త కిందే 39 దగ్గర ఫెలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్ని పెట్టొచ్చు, 2012 అక్టోబర్ 14న అక్కణ్నించే పారాచూట్‌తో దూకాడు. 2014లో ఆలన్ యూస్టస్ 41 కి.మీ. పైనుంచి దూకి ఆ రికార్డు దాటేశాడు. 30, 35 మధ్య ఇంకో చిన్న బెలూన్: వాతావరణ శాఖ వాళ్లు రోజూ వదిలే రేడియోసోండ్ బెలూన్లు ఆ ఎత్తుకొచ్చేసరికి ఉబ్బి పగిలిపోతాయి.

50 నుంచి 87 వరకు మీసో ఆవరణం. కొన్ని పుస్తకాల్లో 80 అనీ, కొన్నిట్లో 85 అనీ ఉంటుంది. ఓజోన్ అయిపోయింది, వేడెక్కించేది లేదు, గీత మళ్లీ ఎడమకి వాలింది. శాస్త్రవేత్తలకి బాగా చిక్కు తెచ్చిపెట్టే పొర ఇది. బెలూన్ ఎగరడానికి గాలి చాలదు, ఉపగ్రహం తిరగడానికేమో గాలి ఎక్కువ. రాకెట్ పంపితే కొద్ది నిమిషాల్లో దాటిపోతుంది. కింద కూర్చుని రాడార్‌తో చూడడం ఒక దారి. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్ ఆ పని చేస్తుంది. పేరులోని మూడక్షరాలూ మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణాలవే. మైదానంలో 1,024 యాంటెన్నాలు 32 వరుసల్లో పాతి ఉంటాయి.

ఉల్కల్ని 100 నుంచి 75 దాకా వాలుగా గీయండి, మనం చుక్క రాలిందనుకునేవి చాలావరకు ఇక్కడే మండిపోతాయి. 57 దగ్గర ఒక బూడిద రంగు చుక్క పెట్టండి: 2022 జనవరి 15న టోంగా దీవుల్లో సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి, దాని ఆవిరి, బూడిద 57 కి.మీ. దాకా ఎగిశాయి. స్ట్రాటో ఆవరణాన్ని పూర్తిగా దాటి వెళ్లిన మొదటి అగ్నిపర్వత మేఘంగా అది నమోదైంది.

బొట్టుబిళ్ళల పని

ఇప్పటిదాకా చార్టు చూస్తే గాలి 87 కి.మీ. దాకా ఒకేలా ఉన్నట్టు అనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికే మధ్య గడి. మొత్తం వాతావరణంలో ఉన్న గాలి వంద బొట్టుబిళ్ళలు అనుకోండి. నేల నుంచి 5.5 సెం.మీ. వరకు 50 అంటించాలి. అక్కణ్నించి 11 వరకు 28. 11 నుంచి 16 వరకు 12. 16 నుంచి 30 వరకు 9. లెక్కపెట్టుకోండి, చేతిలో ఒక్కటి మిగులుతుంది.

ఆ ఒక్కదాన్నీ 30కి పైన ఎక్కడైనా అంటించమనండి. మోకాలి కింది నుంచి మిద్దె దాకా ఉన్న గోడంతటికీ అదొక్కటే.

పిల్లలు దీన్ని నమ్మరు. "అయితే ఎవరెస్టు ఎక్కేవాళ్ల సంగతేంటి?" అంటారు. 8.8 దగ్గర వేలు పెట్టి కిందున్న బిళ్ళలు లెక్కపెట్టించండి, మూడింట రెండు వంతులు కిందే ఉండిపోయాయి. అందుకే ఆక్సిజన్ సిలిండర్లు. విమానం కిటికీలు ఎందుకు తెరవరో కూడా ఇక చెప్పక్కర్లేదు. 19 దగ్గర ఒక ఎర్ర గుర్తు పెట్టండి. ఆ ఎత్తు దాటితే ఒత్తిడి ఎంత తక్కువంటే, మన ఒంటి వేడికే నీళ్లు మరుగుతాయి. ప్రెషర్ సూటు లేకుండా మనిషి బతకలేడు.

చార్టు పైన, మిద్దె దాకా

87 పైన థర్మో ఆవరణం. చార్టు 140 దగ్గర అయిపోతుంది కాబట్టి అక్కణ్నించి పురికొసని నిలువుగా మిద్దె దాకా కట్టి, కాగితం చీటీలు అంటించుకుంటూ పోవడమే.

100 సెం.మీ. దగ్గర కార్మన్ రేఖ. ఇక్కణ్నించి అంతరిక్షం అని ప్రపంచ ఏరోనాటిక్ సమాఖ్య లెక్క. అమెరికా వాళ్లు 80 కి.మీ. దాటితే చాలు, వ్యోమగామి అంటారు. మన గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల 2021 జూలై 11న వెళ్లింది సుమారు 86 కి.మీ. ఎత్తుకి. రెండు గీతలూ గీసి ఆమె చీటీ మధ్యలో అంటించండి, ఆమె అంతరిక్షానికి వెళ్లినట్టా కాదా అన్న వాదన అప్పట్లో ఎందుకు నడిచిందో చూడగానే తెలుస్తుంది. ఇంకో మాట చెప్పండి: వంద కిలోమీటర్లంటే హైదరాబాద్ నుంచి రోడ్డు మీద నల్గొండకి ఉన్నంత దూరం. విజయవాడ నేరుగా కొలిచినా 250 కి.మీ. అంతరిక్షం విజయవాడ కన్నా దగ్గర!

ఉష్ణోగ్రత గీత చార్టు దాటి పోయిందన్నాను కదా. ఈ పొర పైభాగంలో 1,000 డిగ్రీలు దాటుతుంది. మన స్కేలులో అది గ్రాఫు ఎడమ అంచు నుంచి 2 మీటర్ల 20 సెం.మీ. కుడికి. పురికొస ఇంకోటి 120 దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా అంత దూరం లాగి కట్టండి. గుమ్మానికి అడ్డం వస్తే ఇంట్లో వాళ్లు తిడతారు, చూసుకోండి. అంత వేడిలో ఉపగ్రహాలు కరిగిపోవా అంటే, కరగవు. బొట్టుబిళ్ళలు గుర్తు చేయండి. ఒక్కో అణువు భలే వేగంగా పోతోంది, అదే 1,000 డిగ్రీలంటే. కానీ వచ్చి తగిలే అణువులే కరువు. అక్కడ మామూలు థర్మామీటరు పెడితే గాలి దాన్ని వేడెక్కించలేదు.

వేడెక్కించలేకపోయినా ఆపగలదు. తలుపు చట్రం పైఅంచు ఏడడుగులు, 213 సెం.మీ. దాని దగ్గర ఒక చీటీ అంటించండి. 2022 ఫిబ్రవరిలో సుమారు 210 కి.మీ. ఎత్తులోకి 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలు పంపారు. అదే సమయానికి సౌర తుపాను వచ్చి పైగాలి వేడెక్కి ఉబ్బింది, ఆ ఎత్తులో గాలి చిక్కబడింది. దాదాపు 40 ఉపగ్రహాలు ఆ రాపిడికి తట్టుకోలేక కిందికొచ్చి కాలిపోయాయి.

ధ్రువకాంతుల్లో ఆకుపచ్చది 100 నుంచి 150 మధ్య, ఎర్రది 200కి పైన. 2024 మేలో లడఖ్‌లోని హాన్లేలో కనిపించింది ఎర్రదే. అంత ఎత్తున ఉండబట్టే అంత దూరానికి కనబడింది.

మిద్దె పదడుగులైతే 305 దగ్గర ఆగిపోతారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కి.మీ. మీదుంది కాబట్టి అది పై ఫ్లోర్ వాళ్ల హాల్లో, నడుము ఎత్తున తిరుగుతుంటుంది. 2025లో శుభాంశు శుక్లా వెళ్లొచ్చింది అక్కడికే. ఎక్సో ఆవరణం 10,000 కి.మీ. దాకా అంటారు, అంటే 100 మీటర్లు. పిల్లలకి అర్థం కావాలంటే డాబా ఎక్కి వీధి చివర చూపించడం తప్ప దారి లేదు. మనం టీవీ చూసే ఉపగ్రహాలు 358 మీటర్ల దూరం. చందమామ 3.8 కిలోమీటర్లు.

ఐనో ఆవరణాన్ని ఎక్కడ పెట్టాలి?

చాలామంది తడబడేది ఇక్కడే. దాన్ని ఆరో పొరగా గీయకండి. ఉష్ణోగ్రతను బట్టి చేసిన విభజనలో దానికి చోటు లేదు. సూర్యకాంతికి అణువులు విద్యుదావేశం పొందిన ప్రాంతం అది, మీసో ఆవరణం నుంచి థర్మో ఆవరణం అంతటా పరుచుకుని ఉంటుంది. చార్టు కుడి అంచు బయట 60 నుంచి పైదాకా ఒక పొడుగాటి బ్రాకెట్ గీసి పక్కన పేరు రాస్తే సరి. 60, 90 మధ్య డి, 90, 150 మధ్య ఇ, ఆ పైన ఎఫ్ అని చిన్నగా రాయండి. డి పొర సూర్యాస్తమయం కాగానే మాయమవుతుంది, అందుకే రాత్రిళ్లు మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్లు పలుకుతాయి. షార్ట్ వేవ్‌లో కొలంబో నుంచి తెలుగు పాటలు వెయ్యి కిలోమీటర్లు దాటి మన తాతల రేడియోల్లోకి వచ్చాయంటే ఎఫ్ పొర తిప్పికొట్టబట్టే. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ చీటీ వాళ్లతో అంటింపించండి, పావుగంట కబుర్లు ఖాయం.

చార్టు పట్టుకుని డాబా మీదికి

చార్టు అయిపోయాక గోడనే వదిలేయకండి. వేసవిలో సాయంత్రం నాలుగు దాటాక ఎటైనా పెద్ద మబ్బు లేస్తే డాబా ఎక్కి చూడండి. తల కాలీఫ్లవర్‌లా గడ్డలు గడ్డలుగా ఉంటే ఇంకా పెరుగుతోందని లెక్క. తల చదునుగా కోసినట్టయి, ఒక పక్కకి సాగిందంటే అది 17 గీతని తాకింది. ట్రోపోపాజ్‌ని, అంటే ట్రోపో ఆవరణం పై సరిహద్దుని, కంటితో చూడగలిగేది అప్పుడే. ఉరుములు దగ్గరగా వినబడితే మాత్రం కిందికి దిగిపోండి.

చలికాలం పొద్దున్నే విమానం వెనక తెల్ల చార కనిపిస్తే అది ఎంతసేపు ఉందో చూడండి. వెంటనే మాయమైతే పైగాలి పొడిగా ఉంది, సాగి వెడల్పయితే తేమ ఉంది. డిసెంబర్ మధ్యలో జెమినిడ్ ఉల్కాపాతం రోజున ఊరి బయట చీకట్లో కాసేపు కూర్చుంటే 75, 100 మధ్య గీసిన గీతలు నిజంగా కనబడతాయి.

నోట్‌బుక్కులో గీయాలంటే

బడికి తీసుకెళ్లడానికి చిన్న చార్టు కావాలంటే 1 మిల్లీమీటరు = 1 కి.మీ. పెట్టుకోండి. ఏ4 కాగితం నిలువు 297 మి.మీ. కాబట్టి 297 కి.మీ. పడుతుంది. గ్రాఫ్ షీట్ అయితే ఇంకా సులువు. ట్రోపో ఆవరణం 1.7 సెం.మీ.లోనే అయిపోతుంది, పేరు లోపల పట్టదు, పక్కన బాణం గుర్తు వేసి రాయాలి.

పరీక్షలకి చదివేవాళ్లకి ఒక జాగ్రత్త. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ట్రోపో ఆవరణం సగటు 13 కి.మీ., ధ్రువాల దగ్గర 8, భూమధ్యరేఖ దగ్గర 18 అని ఉంటుంది. స్ట్రాటో 50 వరకు, మీసో 80 వరకు, 80 నుంచి 400 వరకు ఐనో ఆవరణం అని వేరే పొరగా ఇస్తారు. డీఎస్సీ, గ్రూప్స్ ప్రశ్నల్లో ఆప్షన్లు మామూలుగా ఈ అంకెల చుట్టూనే ఉంటాయి, అక్కడ 17, 87 అని పట్టుబట్టకండి. గోడ మీది చార్టులో ప్రతి సరిహద్దు పక్కన "పుస్తకం అంకె" అని చిన్న చీటీ వేరే రంగులో అంటించి ఉంచితే రెండూ కలగాపులగం కావు.